రకం కన్నా ఊరు ముందు

పాతూరులో ఒక విత్తనాల కొట్టాయన తన బిల్లింగ్ ప్రోగ్రామ్ మొరాయిస్తోందంటే ఈ వారం తెరిచి చూశాను. విజువల్ సీ ప్లస్‌ప్లస్‌లో రాసిన పాత సరుకు. ఐడీల పేర్లుండే రిసోర్స్.హెచ్ ఫైలు చూడగానే ఒళ్లు మండింది: ఐడీసీ_ఎడిట్1, ఐడీసీ_ఎడిట్2, అట్లా 17 దాకా. బస్తాల లెక్క ఏది, ధర ఏది? టూల్ పెట్టిన పేర్లు టూల్‌కే వదిలేశారు.

నాకు పేర్ల పిచ్చి ఉంది. డైలాగ్‌కు ఐడీడీ, అందులోని కంట్రోల్‌కు ఐడీసీ, తెర మీది మాటలకు ఐడీఎస్. కంపైలయ్యాక మిషన్‌కు మిగిలేవి అంకెలే కాబట్టి, పేర్లన్నీ మన కోసమే. ఐడీసీ తర్వాత ఎడిటా, బటనా అని రకం కూడా రాయాలన్నది నా పాత పట్టు.

అయితే డైలాగ్‌లో ఎడిట్4 చోట కాంబో బాక్స్ ఉంది! ఎవరో పెట్టె మార్చి పాత ఐడీ అట్లే ఉంచారు. దాన్ని నొక్కితే శెనక్కాయ రకాలు దిగాయి: టీఎంవీ-2, కె-6, కె-9, ఐసీజీవీ 91114.

నా కళ్లు అక్కడే ఆగిపోయాయి. టీఎంవీ అంటే తమిళనాడు తిండివనం. 1940లో విడుదలైన ఆ రకం మన ఎర్రనేలల్లో దశాబ్దాలు ఏలింది. కె అంటే కదిరి పరిశోధన కేంద్రం. ఐసీజీవీ పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థది, మొదటి రెండంకెలు ఏడాదివి. గుత్తి రకమా, తీగ రకమా, ఎన్నాళ్లకు కోతకొస్తుంది? పేరులో ఒక్క ముక్కా లేదు. అయినా “కె సిక్స్ ఉండాదా అన్నా?” అంటూ వచ్చిన రైతుకు కొట్టాయన తడుముకోకుండా బస్తా దించుతాడు. 2022లో కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది, కె మాత్రం కదల్లేదు. గుణాలు చేలో చూస్తే తెలుస్తాయి. ఎక్కడ పుట్టిందన్నది పేరే చెప్పాలి.

విజువల్ సీ ప్లస్‌ప్లస్‌తో వచ్చే ఎంఎఫ్‌సీ లైబ్రరీలోనూ అంతే కదా! ఐడీఆర్_మెయిన్‌ఫ్రేమ్ అనే ఒక్క పేరే మెనూకు, టూల్‌బార్‌కు, ఐకాన్‌కు, షార్ట్‌కట్ కీలకు. నాలుగు రకాలు, ఒకే కిటికీ సొత్తు.

అందుకే ఎడిట్4ను ఐడీసీ_కాంబో4గా కాదు, ఐడీసీ_బిల్లు_రకంగా మార్చాను. ముందు ఏ డైలాగో, తర్వాత ఏ పనో రాయండి. రేపు ఆ పెట్టెను ఇంకెవరైనా మార్చినా పేరు అబద్ధమాడదు.