కీచుస్వరము ఎవరిది?

పాలకొల్లులో 1969లో జన్మించిన యు. శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్‌పై నాదమును నిలుపుటకు విద్యుత్తు తోడ్పడినది. గమకమును పుట్టించినది వ్రేలే. గిటారు కీచుస్వరమునకును ఇదే న్యాయము. యంత్రము కొనినచో అది దానంతట వచ్చుననుట భ్రమ.

తీగను మీటిన వెంటనే బొటనవ్రేలి అంచు అస్పందన బిందువును తాకవలెను. అప్పుడు ప్రాథమిక స్వరము అణగి, పై అనుస్వరములు మిగులును. ఆంప్లిఫైయరు వక్రీకరణమే క్షీణమైన వాటిని పైకి తెచ్చును.

దీనిని లెక్కలతో అనుకరించు డిజిటల్ యంత్రమునకు ఒక దోషము కలదు. సెకనుకు 48,000 నమూనాలు తీసినచో 24,000 హెర్ట్జ్‌లను మించినవి ఇమడవు. వక్రీకరణములో పుట్టిన 40,000 హెర్ట్జ్‌ల అనుస్వరము 8,000 వద్ద అపస్వరమై వినబడును. లోపల నమూనాలను కొన్ని రెట్లు పెంచి లెక్కించినచో ఈ దోషము తగ్గును. వ్రేలి తప్పును మాత్రము ఏ లెక్కయు దిద్దజాలదు.