పేరు మారిన వేలుపులు

ఆండీస్ పర్వతసీమలో, కుస్కో నగరము రాజధానిగా విస్తరించిన ఇన్కా సామ్రాజ్యము 1532లో స్పెయిన్ సైనికులు ప్రవేశించిన పిమ్మట కూలిపోయినది. ఇన్కాలకు అక్షరలిపి లేదు. రంగుత్రాళ్ళకు ముడులు వేసి లెక్కలను భద్రపరచు 'కిపు' అను సాధనము మాత్రము వారికి ఉండెను. కావున వారి దేవతల కథలు లిఖితరూపమున మనకు చేరినవన్నియు ఆ పతనము తరువాత వ్రాయబడినవే. వానిలో అధికభాగము జయించినవారి భాషలో, జయించినవారి మతదృష్టితో వ్రాయబడినవి. ఈ సంగతిని మరచినచో ఇన్కా దేవతలను గూర్చిన జ్ఞానమంతయు ఒక పేర్ల పట్టికగా మిగులును. ఇంతి సూర్యుడు, మామ కిల్యా చంద్రదేవత, ఇల్యాపా పిడుగుల దేవుడు, పచమామ భూమాత, మామ కోచ సముద్రమాత అని పాఠకుడు వల్లించగలడు. వారి భాషయగు కెచువాలో 'మామ' అనగా తల్లి అని గూడ నేర్చుకొనగలడు. కాని ఆ ప్రజలు దైవమను భావమును ఎట్లు గ్రహించిరో అతనికి తెలియదు.

ఈ చిక్కును మొదట గట్టిగా ఎత్తిచూపినవాడు గార్సిలాసో దె లా వేగా. 1539లో కుస్కోలో ఇన్కా రాజవంశపు తల్లికి, స్పెయిన్ దేశపు సైన్యాధికారికి జన్మించిన ఇతడు, ఇటాలియన్ నుండి ప్రేమతత్త్వ సంవాదములను స్పానిష్‌లోనికి తెచ్చి 1590లో ప్రకటించిన అనువాదకుడు. 1609లో లిస్బన్‌లో అచ్చయిన అతని ఇన్కా చరిత్రలో 'వాకా' అను మాటపై జరిపిన చర్చ గొప్పది. స్పానిష్ రచయితలు ఆ మాటను 'విగ్రహము' అని తేల్చివేసిరి. అతడట్లు ఒప్పుకొనలేదు. గుడి వాకా, సమాధి వాకా, నైవేద్యము వాకా. కవలపిల్లలు, రెండు సొనల గ్రుడ్డు, మంచుకొండల బారు గూడ వాకాలే. సామాన్యమును మీరి నిలిచిన ప్రతి వస్తువునకు ఆ పేరు చెల్లును. అదే మాటను గొంతు లోతునుండి పలికినచో 'ఏడ్చు' అను అర్థము వచ్చునట. ఒక హల్లును వినలేని చెవులు ఒక జాతి మతమును తీర్పు తీర్చినవని అతని ఆక్షేపణ సారాంశము.

'సుపాయ్' అను మాటకు కలిగిన గతి మరింత శోచనీయము. 1560లో అచ్చయిన డొమింగో దె సాంతో తొమాస్ నిఘంటువు ఈ మాటకు మంచి దేవదూత, చెడ్డ దేవదూత అను రెండర్థములను ఇచ్చినది. తరువాతి మతబోధలో అది సైతానుకే స్థిరపడినది. క్రైస్తవ దేవునికి మాత్రము కెచువాలోను 'దియోస్' అను స్పానిష్ మాటనే నిలిపిరి. దయ్యమునకు దేశభాష, దేవునికి రాజభాష! ఇంత సూక్ష్మదృష్టి గల గార్సిలాసో సైతము ఇచ్చట మోసపోయినాడు. సుపాయ్ పేరెత్తుటకు ముందు ఆ ప్రజలు ఉమ్మివేయుదురని వ్రాసి, ఆ మాట పతనమునే దాని మూలార్థముగా స్వీకరించినాడు.

అతని 'పచకమాక్' వ్యాఖ్య గూడ నిర్దోషము కాదు. లోకమునకు ప్రాణము పోయువాడని ఆ పేరును విప్పిచెప్పుట సరియైనదే. కాని తన మాతృభాషలో దేవుని పేరేమని అడిగినచో పచకమాక్ అని బదులిత్తునని చెప్పి, సముద్రతీరమున వెలసిన ఒక ప్రాచీన దైవమును క్రైస్తవుల ఏకేశ్వరుని ప్రక్కన నిలిపినాడు. తన పూర్వులు అజ్ఞానులు కారని నిరూపింపవలెనను ఆరాటమే అందుకు కారణము. ఆ ఆరాటము గౌరవింపదగినదే. అయినను 'పచ' అను మాటలో దేశకాలములు రెండును కలిసియున్నవి. 'కమాయ్' అనగా శూన్యమునుండి సృష్టించుట కాదు, ఉన్నదానిలో శక్తిని నింపి నిలుపుట. సృష్టికర్త అను మాట ఈ భావమును మోయలేదు.

టిటికాకా సరస్సు ప్రాంతమున ఆవిర్భవించి, రాతినుండి మనుష్యులను మలచి, సముద్రముపై నడచిపోయిన విరకోచ కథ మరియొక నిదర్శనము. స్పెయిన్ వారికి ప్రజలు ఆ పేరు పెట్టిరి. నేటికిని కెచువాలో అది 'అయ్యా', 'దొర' అను పిలుపుగా వినవచ్చును.

ఇన్ని నష్టముల నడుమ దక్కిన నిధి హువారోచిరి వ్రాతప్రతి. లీమాకు తూర్పున గల కొండలలోని కథలు సుమారు 1608 నాటికి కెచువాలోనే ఇందు లిఖింపబడినవి. వానిని సేకరింపజేసిన ఫ్రాన్సిస్కో దె ఆవిలా అను మతాచార్యుడే 1609లో లీమాలో వాకాలను బహిరంగముగా తగులబెట్టించినాడు. నాశము కొరకు పోగుచేసినదే రక్షణయైనది. పరియకాక అను కొండదైవము అయిదు గ్రుడ్లనుండి అయిదు డేగలుగా పుట్టి మనుష్యరూపము ధరించుట, బిచ్చగాని వేషమున తిరుగు కునిరాయకు వెరచి పారిపోయిన కవిల్యాక బిడ్డతో సహా సముద్రమున శిలయగుట ఇందలి కథలు. ఇచ్చటి దేవతలు దాహము, ఈర్ష్య, పరిహాసము ఎరిగినవారు, పట్టికలకు లొంగరు. కెచువా మాటలాడుచు పెరిగిన నవలాకారుడు హోసె మరియా ఆర్గెదాస్ 1966లో ప్రకటించిన స్పానిష్ అనువాదము దీనికి నూతన జీవమిచ్చినది.

తెలుగు పాఠకునకు ఈ లోకము సులువుగా చేరువయగును. రాతిలో దైవము, కొండలో దైవము అతనికి వింత కాదు. 'విగ్రహము' కంటె 'వేలుపు' అను మాట వాకాకు ఎంతో సన్నిహితము. అయితే ఈ చేరువయే ప్రమాదము. చంద్రుడు నల్లబడినప్పుడు 'గ్రహణము' అని వ్రాసినచో, 'పట్టుకొనుట' అను భావము, దాని వెంట రాహువు వచ్చి చేరుదురు. గార్సిలాసో చెప్పిన దానిలో పట్టువాడు లేడు. చంద్రమాతకు జబ్బుచేసినది, ఆమె మరణించి నేలపై పడునేమోనని జనులు భయపడి, ఆమెకు ప్రియమైన కుక్కలను అరిపించెదరు. స్పెయిన్ మతాచార్యులు తమ సైతానును అంటగట్టినట్లే మనమును ప్రేమతో మన రాహువును అంటగట్టగలము.

కావున వాకా, పచకమాక్, సుపాయ్ వంటి మాటలను తెలుగులో యథాతథముగా నిలిపి, ప్రతిచోట సందర్భమే వానికి అర్థము చెప్పునట్లు వాక్యమును కూర్చుట ఉత్తమము. ఇది శ్రమతో కూడిన పని; పాఠకుని గూడ కొంత ఆగి చదువుమని కోరును. ఆండీస్ పల్లెలలో నేటికిని పానీయము త్రాగుటకు ముందు కొంత నేలపై ఒలికించి పచమామకు అర్పించువారు కలరు. ఆమెను భూదేవి అని పిలిచి వదలివేయుట కంటె, ఆమె పేరుతోనే పిలుచుట ఆ జనులకు చూపవలసిన కనీస మర్యాద.