పత్తర్‌గట్టి నీడ

పాతబస్తీ బాగుపడొద్దని మేమనడం లేదు. మాకూ నీళ్లు కావాలి, మోరీలు కావాలి, నడవడానికి దారి కావాలి. మా పేచీ వారసత్వం అనే మాటతో. అందులో చార్మినార్ ఉంది, చార్‌కమాన్ ఉంది. వాటి నీడన బతికే మేము లేము.

1908 మూసీ వరద తర్వాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. పత్తర్‌గట్టి ఆ బోర్డు పనే. నిజాం కాలమంతా బంగారమని మేము చెప్పం, అప్పుడూ ఇరుకు బస్తీలను కూల్చారు. కానీ పత్తర్‌గట్టిని చూడండి: రాతి కమాన్ల వెనుక దుకాణాలు, దుకాణాల ముందు నీడ. ఏమీ కొనలేని ముసలమ్మ కూడా ఎండాకాలం ఆ నీడన నడిచిపోతుంది. బజారును బజారుగానే ఉంచి కట్టారు.

1990లలో తలపెట్టిన చార్మినార్ పాదచారుల పథకం సంగతి వేరు. వాహనాలను ఆపి రాళ్లు పరిచారు. 1591 నాటి మీనార్లకు పొగ తగ్గాలి, నిజమే. కానీ బండిమీద పండ్లమ్మేవాడు ఆ పథకానికి అడ్డంకిగానే కనబడ్డాడు.

లాడ్‌బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. వేడి లక్కమీద నగీనాలు పొదిగే చేతులు చాలావరకు ఆడవాళ్లవి, కిరాయి గదుల్లో. కిరాయి పెరిగితే ఆమె ఎక్కడికి పోవాలి? కట్టడాల జాబితాలో ఆ గదికి చోటు లేదు. ఆ మాటకొస్తే జాబితాకే దిక్కులేని రోజులున్నాయి: కట్టడాలను కాపాడే 13వ నిబంధనను 2015లో తీసేశారు, కొత్త చట్టం 2017లో గానీ రాలేదు.

2025లో మెట్రో కోసం పాతబస్తీలో ఇళ్లు, దుకాణాలు కూల్చారు. ఇంటి యజమానికి పట్టా ఉంటుంది. అదే ఇంటి కింద మిషను కుట్టుకునే కిరాయి దర్జీ పేరు ఏ కాగితంలో రాశారో చూపించమంటున్నాం.