ఒక్క ఇంటిపేరు చాలదు

సూరత్ దగ్గరి కిమ్‌లో మా ఇంటి వేపచెట్టు మీదికి పొద్దున్నే కొండముచ్చులు దిగుతాయి. నల్లటి మొహం, బూడిదరంగు ఒళ్లు, ఒంటికన్నా పొడవైన తోక. ఆ చెట్టు కిందే కూర్చుని నేను వంశవృక్షాలు గీస్తాను. మగ్గాల పని మీద తెలంగాణ నుంచి సూరత్ వచ్చి స్థిరపడిన మన పద్మశాలి కుటుంబాలవి.

మొదట్లో ఇంటిపేరు పట్టుకుని పైకి పోయేవాణ్ణి. తండ్రి, తాత, ముత్తాత. ఒకరోజు ఒక ముసలమ్మ కాగితం మీద వేలు పెట్టి, "మా అమ్మగారి ఊరు ఏదయ్యా ఇందులో?" అంది. ఇల్లరికం అల్లుడు, దత్తత పోయిన పిల్లవాడు కూడా అందులో లేరు.

జీవజాతుల చెట్టు గీసేవాళ్లకూ ఒక్క వరుసనే పట్టుకుంటే ఇదే చిక్కు. కణంలో శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని డీఎన్ఏ తల్లి నుంచే వస్తుంది, అంతా ఒకే మూటగా. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన లాల్జీ సింగ్‌తో కలిసి జీవశాస్త్రవేత్త ప్రవీణ్ కారంత్ బృందం 2008లో మన దేశపు కొండముచ్చుల చుట్టరికం పరిశీలించింది. నీలగిరి కొండముచ్చు మన కొండముచ్చుకు దగ్గరి చుట్టమేనని తేలింది. అస్సాం బంగారు కొండముచ్చు దగ్గరే సాక్ష్యం చీలింది. తల్లివైపు డీఎన్ఏ దాన్ని మనవాటి పక్కన కూర్చోబెడితే, కణకేంద్రకంలోని జన్యువులు ఆగ్నేయాసియా కోతుల పక్కకు తీసుకుపోయాయి. ఎప్పుడో రెండు వంశాల మధ్య సంకరం జరిగి ఉండవచ్చన్నది ఒక వివరణ. తల్లివైపు మూటను ఎంత చదివినా అది చెప్పేది తల్లివైపు కథే.

మరి ఎన్ని జన్యువులు కావాలి? 2003లో జీవశాస్త్రవేత్త ఆంటోనిస్ రోకాస్ బృందం 8 ఈస్ట్ జాతుల్లో 106 జన్యువులు తీసుకుంది. విడివిడిగా చూస్తే పొంతన లేదు, కలిపితే ఒకే చెట్టు. 20 జన్యువులైనా చాలన్నారు. 2013లో రోకాసే 23 ఈస్ట్ జాతుల మీద 1,070 జన్యువులు పరీక్షించాడు. ఈసారి వాటన్నిటినీ కలిపి గీసిన చెట్టుతో ఒక్క జన్యువు చెట్టూ అచ్చంగా సరిపోలేదు! సంఖ్య పెంచితే నమ్మకం పెరుగుతుంది గానీ నిజం పెరుగుతుందన్న హామీ లేదు. ఏ సాక్షి ఎందుకు వేరుగా చెబుతోందో అడగాలి. నాకు ఈ మాట ఆ ముసలమ్మ ముందే చెప్పింది.

ఇప్పుడు ప్రతి పేరు పక్కనా తల్లి పుట్టింటి పేరు, ఊరు రాస్తున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే ఆ రెండూ అడిగి రాసి పెట్టుకోండి.