అచ్చుపుట – వినెడి చెవి: వివేకవర్ధని పాఠకులను గూర్చి యొక పరిశీలనము

క్రొత్త వార్తాసాధన మొకటి సమాజమున ప్రవేశించినపుడు దాని పోకడను నిర్ణయించునది ఆ సాధనమా, లేక దానిని చేపట్టిన వారి పూర్వాభ్యాసములా? ఈ ప్రశ్నకు ఆంధ్రదేశమున సమాధానము వెదకదగిన తావులలో రాజమహేంద్రవరము ముఖ్యమైనది. 1874 అక్టోబరులో కందుకూరి వీరేశలింగము పంతులుగారు వివేకవర్ధనిని వెలువరించిరి. అప్పటికి వారు ధవళేశ్వరమున పాఠశాలాధ్యక్షులు. వయస్సు ఇరువదియారు సంవత్సరములు. ఆ పత్రికను గూర్చి వ్రాసినవారు పలువురు కలరు. కాని వారి దృష్టి యెల్ల సంపాదకునిపైననే నిలిచినది. పత్రికను చదివినవారిని, చదువగా విన్నవారిని గూర్చి విచారించినవారు అరుదు. ఆ వైపునుండి చూచినచో పంతులుగారి వచనరచనా పరిణామము వేరొక విధముగా బోధపడునని మా యభిప్రాయము.

సాహిత్య చరిత్రలలో సాధారణముగా కానవచ్చు వాదమిది: అచ్చుయంత్రము వచ్చినది; పత్రిక పుట్టినది; పత్రికవలన వచనము సరళమైనది; సరళ వచనము సంఘసంస్కారమునకు దారి తీసినది. ఈ క్రమము వినుటకు ఇంపుగా నున్నది. కాని దీనికి బాధకమైన నిదర్శనము వివేకవర్ధని పుట్టువుననే యున్నది. ఆనాడు రాజమహేంద్రవరమున అనుకూలమైన ముద్రాశాల లేమిచే, ఆ పత్రిక మొదట చెన్నపట్టణమున కొక్కొండ వేంకటరత్నము పంతులుగారి సంజీవనీ ముద్రాశాలలో అచ్చయ్యెను. వేంకటరత్నము పంతులుగారు ఆంధ్రభాషాసంజీవనీ పత్రికాధిపతులు. గ్రాంథికభాషా నియమమున మిక్కిలి పట్టుదల గలవారు. స్త్రీవిద్యను గూర్చి ఈ యుభయులకును వాదము నడచినది. అక్కడ హాస్యవర్ధని వెలువడగా ఇక్కడ హాస్యసంజీవని పుట్టినది. అనగా ఒకే యచ్చుకూటము, ఒకే విధమైన అక్షరములు, ఒకే తపాలా. అయినను రెండు భాషలు, రెండు మతములు. అచ్చు తనంత తాను భాషను సరళము చేయునదే యైనచో సంజీవని యేల సరళము కాలేదు? కావున కారణమును యంత్రమున గాక వేరొకచోట వెదకవలెను.

వీరేశలింగముగారు తొలుత చిన్నయసూరి మార్గముననే నడచినవారు. నీతిచంద్రికలో సూరి వ్రాయక విడిచిన విగ్రహమును ఆ పద్ధతిలోనే రచించిరి. అట్టి రచన యొంటిగా కూర్చుండి, నిఘంటువును చెంత నుంచుకొని చదువుకొను విద్యార్థికి తగినది. పత్రికకు చేరిన జనము వేరు. ఆనాటి గోదావరీ మండలమున అక్షరము వచ్చినవారు కొలది మంది. గ్రంథమనగా ఒకరు చదువ పదుగురు వినునది యనియే లోకమున వాడుక. ఆలయ మండపమున భాగవత పురాణము, వీధియరుగుపై రామాయణ కాలక్షేపము జరుగు నాడుల పుట్టిన పత్రిక ఆ యలవాటులోనికే ప్రవేశించినదని యూహించుట న్యాయము. క్రొత్త సాధనమును జనులు పాత మర్యాదతో స్వీకరించిరి. చదివెడివాని గొంతుక ఎక్కడ తడబడునో, వినెడివాని ముఖము ఎక్కడ వాడునో అక్కడ వాక్యము విరుగవలసి వచ్చినది. సంధులు సడలి, సమాసములు కురుచనై, వచనము నోటికి సమీపించినది. ఇది యంత్రము చేసిన పని కాదు. వినువారు చేయించిన పని.

ఇది కేవలము ఊహ యని పాఠకులు శంకింపవచ్చును. కావున ప్రహసనములను చూడుడు. వృద్ధుడు బాలికను వరించుటను పరిహసించిన ‘బ్రాహ్మవివాహము’ను జనులు ‘పెద్దయ్యగారి పెళ్ళి’ యని పిలిచిరి. న్యాయస్థానముల యందలి యక్రమములను బయటపెట్టిన ‘వ్యవహారధర్మబోధిని’ ‘ప్లీడరు నాటకము’గా ప్రసిద్ధి కెక్కినది. గ్రంథకర్త పెట్టిన పేరు పుటపై నిలిచినది. జనులు పెట్టిన పేరు నోట నిలిచినది. పేరు మార్చుట సామాన్య విషయము కాదు. ఎవరి పెళ్ళియో, ఎవరి వృత్తియో వెంటనే తెలియునట్లు వారు ఆ రచనలను తమ సంభాషణలోనికి దింపుకొనిరి. ఈ కృతులలో పాత్రలు తమ తమ యింటి మాటలనే మాటలాడుటకు కారణమును ఇచ్చటనే వెదకవలెను. ‘వ్యవహారధర్మబోధిని’ని 1880లో పంతులుగారు తమ విద్యార్థులచే రాజమహేంద్రవరమున ప్రదర్శింపజేసిరి. పత్రికనుండి రంగస్థలమునకు దూరము ఎంత స్వల్పమో దీనివలన తెలియగలదు.

రాజశేఖరచరిత్రమును గూర్చియు ఈ దృష్టితో చెప్పదగినది కలదు. ఇది 1878నుండి వివేకవర్ధనిలో ప్రకరణములుగా వెలువడి 1880లో పుస్తకరూపము దాల్చినది. గోల్డుస్మిత్ నవలకు ఇది ఎంతవరకు ఋణపడినదను చర్చ చాలకాలముగా జరుగుచునే యున్నది. మేము దానిని తిరిగి తడవము. మాకు ముఖ్యమైనది ప్రకరణ నిర్మాణము. ప్రతి ప్రకరణము తలను అందలి విషయముల సూచిక యుండును. ఇది ఆంగ్ల నవలలనుండి వచ్చిన పద్ధతియే కావచ్చును. కాని గడచిన సంచికను మరచినవానికిని, దానిని వినని క్రొత్తవానికిని అట్టి సూచిక యెంత యుపకారియో గమనింపవలెను. అరువు తెచ్చిన యాచారము ఇచ్చట వేరొక ప్రయోజనమును పొందినది. అట్లే ఆరంభమున గోదావరీ వర్ణనము దీర్ఘవాక్యములతో పురాణఫణితి ననుసరించుచున్నది. సంభాషణములు వచ్చినంతనే శైలి తేలికపడుచున్నది. విమర్శకులు దీనిని శైలీవైషమ్యమనిరి. మేము దోషముగా నెంచము. పురాణము వినుటకు కూర్చుండినవానిని ముందుగా పరిచితమైన స్వరముతో కూర్చుండబెట్టి, పిదప వాని యూరి కథను వానికే వినిపించుట ఇందలి యుపాయము. ఆ యూరు ధవళేశ్వరమే యగుట గమనార్హము.

ఇంతవరకు చెప్పినదానివలన అచ్చును సంస్కారపక్షము వారే గ్రహించిరని తలంపరాదు. 1879లో వితంతు వివాహమును గూర్చి పంతులుగారు ఉపన్యసించి, ఆ యుపన్యాసమును ముద్రించిరి. పండితులు దానికి ఖండనములు వ్రాసిరి. పంతులుగారు మరల సమాధానము చెప్పిరి. సభలోని మాట పుటకు, పుటలోని మాట మరల సభకు నడచినది. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిగిన పిమ్మట, అందు పాల్గొన్నవారిని వెలివేయుచు పీఠాధిపతి శ్రీముఖము వచ్చినది. శ్రీముఖము సైతము వార్తాసాధనమే. అది పేరు పెట్టి పిలుచును, వినినవాడు తలయొగ్గవలెను, ప్రత్యుత్తరమునకు అందు చోటు లేదు. అచ్చుకాగిత మట్టిది కాదు. అది ఎవరి చేతనైన పడును. ఎవడైనను బదులు చెప్పవచ్చును. అచ్చు తెచ్చిన నిజమైన మార్పు ఇదియే. భాషను కాదు, బదులు చెప్పు నధికారమును అది విస్తరింపజేసినది. ఆ యధికారమును పూర్వాచారపరులును పూర్తిగా వినియోగించుకొనిరి.

మా వాదమునకు గల యెల్లలను మేమే చెప్పుట మంచిది. బదులు వ్రాసినవారు చదువుకొనిన పురుషులు. వాదమంతయు ఎవరిని గూర్చి సాగినదో ఆ వితంతువుల పలుకు ఆ వాదములో మిక్కిలి అరుదు. అరుగు క్రింద నిలిచి వినిన కూలివాడు ఏమనుకొనెనో వ్రాసిపెట్టినవారు లేరు. పంతులుగారి స్వీయచరిత్రము అమూల్యమైనదే. కాని అది నాయకుడు అనేక వత్సరముల పిదప చెప్పిన కథ. మరియు పంతులుగారు వ్యావహారికమును ముందే యంగీకరించిరని మా మాటలకు అర్థము చేయరాదు. 1919లో రాజమహేంద్రవరమున స్థాపితమైన వర్తమాన వ్యావహారికాంధ్ర భాషాప్రవర్తక సమాజమునకు వారు అధ్యక్షులైరి. గిడుగు రామమూర్తి పంతులుగారు కార్యదర్శి. ఆ సంవత్సరము మే నెలలోనే వీరేశలింగముగారు దివంగతులైరి. వినువారి చెవికి వంగిన వచనము సిద్ధాంతరూపము పొందుటకు నలువదియైదు సంవత్సరములు పట్టినదన్నమాట.

ఈ విచారణ పాతపత్రికల యటకలకు మాత్రమే చెందినది కాదు. 2013 జూలైలో నిలిచిపోయిన తంతివార్తను తలచుకొందము. పెండ్లి యాశీస్సులను సైతము ఆ తీగయే మోసినది; కాని పల్లెలలో తంతి యనగా చావువార్త యనియే యర్థము, విప్పి చదువకముందే యింట ఏడ్పు పుట్టెడిది. ఆ యర్థమును తీగ యీయలేదు, జనులిచ్చిరి. నేడు కోనసీమనుండి గల్ఫు దేశములకు పనికి పోయిన స్త్రీలు ఇంటివారికి చేతిఫోనులో పంపునది వ్రాత కాదు, తరచుగా తమ గొంతుకయే. అక్షరము రానివారు అక్షరయుగమును దాటి నేరుగా చెవిని చేరుకొనిరి. 2022 మే నెలలో అమలాపురపు అల్లర్ల పిదప కోనసీమలో అంతర్జాల సేవలు కొన్ని దినములు నిలిపివేయబడినపుడు, ఇంటనుండి పనిచేయు యువకులు సంకేతము దొరకు చోటు వెదకుకొనుచు గోదావరి యొడ్డునకు పోయిరి. బదులు చెప్పు నధికారము సాధనముతో వచ్చినట్లే, సాధనముతోపాటు తొలగింపబడనుగూడ గలదని అప్పుడు తెలిసినది.

కావున పరిశోధక విద్యార్థులకు మా మనవి యొక్కటి. పత్రికల చరిత్ర వ్రాయునపుడు సంపాదకుని పేరు, పుట్టిన తేదీ, సంచికల సంఖ్య వ్రాసి యూరకుండరాదు. గౌతమీ గ్రంథాలయము వంటి చోట్ల పాతసంచికలను విప్పినపుడు, చదువరుల లేఖలను, చందాదారుల పట్టికలను, అంచులలోని చేతివ్రాతలను ముందుగా చూడవలెను. ఎవరు చదివిరి, ఎవరికి చదివి వినిపించిరి, ఎవరు బదులు పలికిరి, ఎవరికి బదులు పలుకు వీలు లేకపోయినది – ఈ నాలుగు ప్రశ్నలును అడుగనిచో మన చరిత్ర అచ్చుకూటముల చరిత్రగా మిగులును గాని, వానిని వాడుకొన్న మనుష్యుల చరిత్ర కాజాలదు.