ఆగుట తెలియని పాఠము

పాఠము చెప్పువాని నేర్పు, నా యెఱుకలో, ఆగుటయందు కలదు. భిన్నములు చెప్పుచుండగా వెనుక వరుసలోని పిల్ల బలపమును నిలిపి ప్రక్కదాని పలకవంక దొంగచూపు చూచుట కంటబడినంతనే, నోటిలోని వాక్యమును నోటిలోనే విడిచి, ఒక జామపండును నాలుగు ముక్కలుగా కోసి చూపి, మరల మొదటికి రావలెను.

2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడి, సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో మూడవ తరగతి మొదలు పదవ తరగతి వరకు పాఠములు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ప్రసారములలో వచ్చినప్పుడు మాకు కొఱతపడినది ఈ ఆగుటయే. ఆ పాఠములు మంచివే. కాని కరెంటు పోయినను, తల్లి చేనికి పిలిచినను, పిల్లకు బోధపడకున్నను టీవీ తన దారిని తాను పోవుచుండెను. టీవీ లేని యింటి పిల్లలను ఉన్నవారు లోనికి పిలిచిరి; పంతుళ్ళము వర్క్‌షీట్లు సంచిలో వేసికొని, ముక్కునకు మాస్కు కట్టుకొని, అరుగు వెంట అరుగు తిరిగితిమి.

అట్టి యొక యరుగుమీద, లెక్కలన్నియు తప్పులేకుండ చేసియున్న ఐదవ తరగతి బాలుని, “ఎట్ల చేసినవ్ బిడ్డా?” అని యడుగగా, “అక్క చెప్పింది సార్. సమజ్ కాకుంటే మల్ల చెప్పింది” అనెను. ఇంటరు చదువుచున్న ఆ యక్క, పత్తి యేరి వచ్చిన చేతులతోనే, టీవీ విడిచిపోయిన చోట తమ్ముని పట్టుకొని నిలిపినది! ఆ యేడు ఊరి బడిని నడిపినవారిలో సగము మంది ఇట్టి అక్కలేయని నా నమ్మకము; వారి హాజరు ఏ రిజిస్టరులోను లేదు.

బడులు తెఱచిన పిమ్మటను మార్పులు మమ్ము విడువలేదు. 2022లో ఒకటి నుండి ఐదవ తరగతి వరకు చదువుట, వ్రాయుట, కూడికలు, తీసివేతలు మరల గట్టిపఱచుటకు ‘తొలిమెట్టు’ అను కార్యక్రమము వచ్చెను; ఆ విద్యాసంవత్సరమందే ఒకటి నుండి ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మీడియమును ప్రవేశించెను. ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా నున్న పుస్తకము చేతికి రాగా, పిల్లలు ఏ పుట తమదో తామే తేల్చుకొని, ఇటు చదివి అటు వ్రాయసాగిరి. మాకంటె వారే త్వరగా కుదురుకొనిరి.

తనిఖీకి వచ్చు అధికారులకు నాదొక మనవి: సిలబస్ ఎంతవఱకు వచ్చినదని యడుగుటకు ముందు, ఈ వారము ఎక్కడ ఆగితిరని మమ్మడుగుడు.