కరెంటు బండి చరిత్రలో కాపాడవలసినదేది?

పాత రైళ్ల చరిత్రను భద్రపరచాలనే మాట యీ మధ్య చదువుకున్నవారి నోట తరచుగా వినబడుతున్నది. మంచిదే. కాని ఏది భద్రపరచాలి, ఎవరి కోసం అనే ప్రశ్న వేసుకోకుండా మొదలుపెట్టిన పని చివరకు యజమానుల పటాలకు దండలు వేయడంతో ముగుస్తుంది. మద్రాసు విద్యుత్ బండ్ల విషయంలో జరుగుతున్నది అదే అని నా అభియోగం.

ముత్తుకూరులో కూర్చున్నవాడికి మద్రాసు బండ్లతో ఏమి పని అని మిత్రులు అడగవచ్చు. నెల్లూరు జిల్లా 1953 అక్టోబరు వరకు మద్రాసు రాష్ట్రంలోనిదే. మా తీరాన్ని ఆనుకొని పోయే బకింగ్‌హాం కాలువ మీద ఉప్పూ, కట్టెలూ పడవలలో ఆ నగరానికి చేరేవి. సరుకు వెళ్లిన దారినే బ్రతుకుతెరువు వెతుక్కునే మనుషులూ వెళ్లారు. ఆ నగరపు కార్మిక చరిత్ర పరాయి చరిత్ర అని మనం అనుకోవడానికి వీలులేదు.

మద్రాసులో విద్యుత్ ట్రాం 1895 మే 7న మొదలైంది. అప్పటికి కలకత్తా ట్రాములను గుర్రాలు లాగుతున్నవి. అక్కడ కరెంటు 1902లో గాని రాలేదు, బొంబాయికి 1907లో వచ్చింది. మొదట మద్రాసు ట్రాముకు కరెంటు పైతీగ నుంచి కాక రోడ్డులో పట్టాల నడుమ చేసిన సందులోనుంచి అందేది. వానలు ముంచెత్తే ఊరికి ఆ ఏర్పాటు ఏ విధంగా పనికివస్తుందని ఆలోచించారో గాని, తరువాత పైతీగకు మార్చక తప్పలేదు. ఇదంతా పుస్తకాలలో దొరుకుతుంది. ఆ సందులో దిగి బురద తీసినవాడు మాత్రం దొరకడు.

1953 ఏప్రిల్‌లో ఆ ట్రాములు ఆగిపోయాయి. కంపెనీ నష్టాల లెక్క చూపి తప్పుకున్నది. ఆ తేదీని గమనించండి. పొట్టి శ్రీరాములుగారు ప్రాణాలర్పించి అప్పటికి నాలుగు నెలలు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడడానికి ఇంకా ఆరు నెలలు. మద్రాసు ఎవరిదనే వాదం వేడి యింకా చల్లారలేదు. నగరం మాదంటే మాదని పోట్లాడిన రెండు భాషల పెద్దలలో, ఆ నగరంలో బండి నడిపినవాడు రేపు ఏమి తింటాడని ఎందరు అడిగారు? ఆ నెల తెలుగు పత్రికలు తిరగవేసి, ట్రాం మూతకు అవి ఎన్ని పంక్తులు కేటాయించాయో లెక్క తీయడం మన విద్యార్థులు చేయదగిన పరిశోధన. అది పత్రికల వర్గస్వభావానికి కొలబద్ద కాగలదు.

ట్రాం నగరం లోపలి బండి. ఊరిని ఊరితో కలిపిన విద్యుత్ రైలు బీచి స్టేషను నుంచి తాంబరం దాకా 1931 మేలో నడిచింది. సుమారు 29 కిలోమీటర్ల దారి. మీటరుగేజి మీద దేశంలో అదే మొదటి విద్యుత్ రైలు. తాంబరం అప్పటికి నగరానికి బయటి ఊరే. యీ రైలు కథ చెప్పేవారు దానిని 1931లో మొదలుపెడతారు. నేను 1928 నుంచి మొదలుపెట్టమంటాను. ఆ సంవత్సరం జూలైలో అదే సౌత్ ఇండియన్ రైల్వే కార్మికులు సమ్మె చేశారు. వర్కుషాపులను పొన్మలైకి చేర్చే పేరిట కంపెనీ వేలమందిని తొలగించబూనింది. సమ్మె అణచివేయబడింది, 1923లోనే మద్రాసులో మేడే జరిపిన సింగారవేలు జైలుపాలయ్యాడు. ఆ సమ్మెకు కారణం విద్యుత్తు కాదు, అలా చెప్పడం చరిత్రకు అన్యాయం. అయితే కార్మికులకు జీతం యివ్వలేనన్న కంపెనీయే మూడేళ్లలో కొత్త బండ్లు తెచ్చి పండుగ చేసుకున్నది. యీ రెండు సంగతులనూ ఒకే పుటలో వ్రాయనివాడు చరిత్రకారుడు కాడు, కంపెనీ గుమాస్తా.

మనవారినీ వదలలేను. అభ్యుదయ విమర్శకులు 'కార్మికవర్గం' అనే మాటను మంత్రంలాగా జపిస్తారు గాని, ఆ పని ఏమిటో తెలుసుకోరు. విద్యుత్ బండి నడిపేవాడు ఒక పిడిని నొక్కిపట్టి వుంచాలి. చేయి వదిలితే కరెంటు తెగి బ్రేకు పడుతుంది. ప్రయాణికుల క్షేమానికి అది అవసరమే. కాని ఎండలో, పెట్టెలాంటి గదిలో, గంటల తరబడి ఆ పిడిని వదలని అరచేతి సంగతి ఏ కథలో వుంది? ఆ దారిలో మీటరుగేజి బండ్లు 2004లో ఆగిపోయాయి. వాటిని నడిపినవారు, మరమ్మతు చేసినవారు ముసలివారైపోయారు. వారు తెలుగూ తమిళమూ ఇంగ్లీషూ కలిపి పనిముట్లకు పెట్టుకున్న పేర్లు, జుర్మానా చీట్లు, సంఘం కరపత్రాలు — ఒక పాత పెట్టెకు రంగువేసి మ్యూజియంలో నిలబెట్టడం కన్న వీటిని సేకరించడం తొందర పని.

మా సంగతి చూడండి. ఓబులవారిపల్లె, వెంకటాచలం మధ్య విద్యుత్ రైలుమార్గం 2019 సెప్టెంబరులో ప్రారంభమైంది. కృష్ణపట్నం రేవు సరుకుకు అదొక దారి. వెలిగొండలను తొలిచి ఆరు కిలోమీటర్లకు పైబడిన సొరంగం వేశారు. ప్రారంభించిన పెద్దల పేర్లు నిలిచి వుంటాయి. మా మండలంలోనే నేలటూరులో థర్మల్ విద్యుత్తు తయారవుతున్నది. బొగ్గు దుమ్ము ఎవరి యింటిమీద పడుతుందో యిక్కడివారిని అడిగితే చెబుతారు. సొరంగం తొలిచినవారు ఏ ఊళ్ల నుంచి వచ్చారు, రోజుకు ఎంత కూలి పుచ్చుకున్నారు, వారిలో గాయపడినవారెందరు, రేవుకూ రైలుకూ పొలం యిచ్చిన రైతు యిప్పుడేమి చేస్తున్నాడు? వీటికి జవాబు చెప్పగలవారు యింకా బ్రతికే వున్నారు. ముత్తుకూరు, రాపూరు బడుల ఉపాధ్యాయులు యీ వేసవి సెలవులలో పిల్లలచేత ఒక్కొక్క నోటుపుస్తకం పట్టించి ముందుగా యీ నాలుగు ప్రశ్నలు అడిగించవచ్చు.